వంశపారంపర్య రక్తవ్యాధులు – జాతీయ విధానాలు: కోనసీమ సందర్భం

ఉపోద్ఘాతం:

తెలుగులో మేనమామకూ పిల్లనిచ్చిన తండ్రికీ ‘మామ’ ఒకటే మాట. మేనత్తకూ భర్త తల్లికీ ‘అత్త’ ఒకటే మాట. మేనరికం ఆచారంగా స్థిరపడిన సమాజపు ఆనవాలు ఈ బంధువాచకాల్లో నిలిచి ఉంది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలకు కూడా ఈ ఆచారం కొత్తది కాదు. పొలం, కొబ్బరితోట కుటుంబం దాటిపోకూడదన్నది దీనికి తరచుగా చెప్పే కారణం. తలసీమియా, సికిల్ సెల్ వ్యాధులపై రూపొందిన జాతీయ విధానాలు ఇటువంటి మైదాన ప్రాంతాన్ని ఎంతవరకు దృష్టిలో ఉంచుకున్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్ర పరిశోధన – గోదావరి సంబంధం:

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ కొడవలి ఆకారపు ఎర్రరక్తకణాలను వర్ణించారు. 1925లో డెట్రాయిట్‌లో థామస్ కూలీ తలసీమియాను గుర్తించారు. తలసీమియా జన్యువు మలేరియా నుంచి రక్షణ ఇస్తున్నందువల్లనే తరతరాలుగా నిలిచి ఉండవచ్చని 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ ప్రతిపాదించారు. 1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి గిరిజనుల్లో సికిల్ లక్షణాన్ని కనుగొన్నారు. ఈ క్రమంలో భారతదేశంలో ఈ వ్యాధుల చర్చ ప్రధానంగా గిరిజన ప్రాంతాల చుట్టూ సాగింది.

హాల్డేన్ 1957లో భారతదేశానికి తరలివచ్చారు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు జన్మస్థలం పిఠాపురం. పిఠాపురం, కోనసీమ 2022 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనివే. ద్రోణంరాజు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలోని రక్తసంబంధీకుల వివాహాలపై 1960ల ఆరంభంలో పరిశోధన పత్రాలు ప్రకటించారు. మన్యానికి పరిమితమైన ప్రశ్నకు మైదానపు కోణం ఆనాడే లభించిందన్నమాట.

మేనరికం వ్యాధిని సృష్టించదు. అయితే ఒకే జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశాన్ని పెంచుతుంది. మేనమామ జన్యువాహకుడైతే, అక్క కూతురు కూడా వాహకురాలయ్యే అవకాశం కనీసం నాలుగో వంతు. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. వాహకులు ఆరోగ్యంగానే కనిపిస్తారు కనుక బిడ్డ జబ్బుపడే వరకు విషయం బయటపడదు.

విధానాల పరిణామం:

దేశ జనాభాలో 3 నుంచి 4 శాతం మంది బీటా తలసీమియా వాహకులని, ఏటా 10,000 నుంచి 12,000 మంది శిశువులు తీవ్రరూప వ్యాధితో జన్మిస్తున్నారని అంచనా. 2016లో జాతీయ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాలు గర్భిణులకు, ఎనిమిదో తరగతి విద్యార్థులకు పరీక్షలను, వివాహపూర్వ సలహాను సూచించాయి. అదే ఏడాది వికలాంగుల హక్కుల చట్టం తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధులను వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నుంచి తలసీమియా, సికిల్ సెల్, తీవ్ర హీమోఫీలియా బాధితులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది.

2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ 17 రాష్ట్రాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు జరపాలని, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. దీని దృష్టి ప్రధానంగా గిరిజన ప్రాంతాలపైన, వ్యాధి ఎక్కువగా ఉన్న ఇతర ప్రాంతాలపైన ఉంది. మన్యం అవసరాల దృష్ట్యా ఇది సమంజసమే. కాని సికిల్ సెల్‌కు దక్కిన లక్ష్యం, గడువు తలసీమియాకు దక్కలేదు. పింఛను వ్యాధి వచ్చిన తరువాత ఆదుకుంటుందే తప్ప ముందు హెచ్చరించదు. రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించుకోవలసిన బిడ్డ ఉన్న ఇంటికి ఈ తేడా బాగా తెలుసు.

ముగింపు:

2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది; రంపచోడవరం మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. పాలనా సరిహద్దులు మారినంతమాత్రాన జన్యువుల దారి మారదు. మేనరికాన్ని నిందించడం కంటే 2016 మార్గదర్శకాలను మైదానంలోనూ అమలు చేయడం ప్రయోజనకరం. గర్భిణికి తొలినెలల్లోనే పరీక్ష చేసి, ఆమె వాహకురాలని తేలితే భర్తకూ పరీక్ష జరపాలి. వాహకత్వం వ్యాధి కాదన్న వివరణ పరీక్షతోపాటే అందాలి. లేకపోతే ఆ ఫలితం ఆడపిల్ల పెళ్లికి మరో అడ్డంకిగా మారే ప్రమాదం ఉంది.