వలందపాలెం

మా కొత్తపేట నుంచి బందరు వెళ్లొచ్చిన వాళ్లు లడ్డూలు తెస్తారు గానీ, అక్కడి వలందపాలేనికి ఆ పేరెలా వచ్చిందో అడిగిరారు. హాలెండువాళ్లని మన పెద్దలు వలందులన్నారు. ఇంగ్లీషువాళ్లది ఇంగ్లీషుపాలెం, పరాసులది పరాసుపేట, వీళ్లది వలందపాలెం!

1602లో కంపెనీ పెట్టుకున్న వలందులు 1605కల్లా గోలకొండ సుల్తానుల రేవైన బందరులో దిగారు. ఎందుకనుకున్నారు? మన అద్దకం గుడ్డల కోసం! కరక్కాయ రసంలో నానబెట్టి, చిరివేరుతో ఎర్రరంగు ఎక్కించిన ఆ గుడ్డలు తూర్పు దీవుల్లో ఇచ్చి లవంగాలూ, జాజికాయలూ కొనేవారు. హాలెండులో సముద్రం పక్కనున్న హిందలోపెన్ ఊరి ఆడవాళ్లయితే వాటితో పొడుగు అంగీలు కుట్టించుకుని మురిసిపోయారు.

ఆ కంపెనీ 1799లో మూతబడింది. 1864 ఉప్పెన బందరులో ముప్ఫై వేలమందిని మింగేసింది. వలందుల గుర్తుగా చెక్కుడు రాళ్ల సమాధులు మిగిలాయి. అద్దకం మాత్రం పక్కనే పెడనలో ఇంకా బతికే ఉంది.

సముద్రాలు దాటొచ్చి కొనుక్కున్న గుడ్డ కదా అది, దానికి మనం పది రూపాయల దగ్గర బేరమాడతాం! ఈసారి దిల్‌సుఖ్‌నగర్ కొట్లో కలంకారీ చీర మడత విప్పినప్పుడు, ఇది చేత్తో అద్దిందా, మిషను ముద్రా అని ఒక్కమాట అడగండి. సమాధులకి పురావస్తుశాఖ ఉంది. అద్దకం చేతులకి మనం కాక ఎవరున్నారు చెప్పండి?