వేలిముద్రల వెనుక మన పెద్దలు

మాచర్ల, గురజాల వైపు మన ఎరుకల పిల్లల్ని "మీ ముత్తాత పేరేంటి?" అని అడిగితే తెల్లముఖం వేస్తారు. ఒకప్పుడు మాకూ తెలియదు. మా పెద్దలు చదువుకోలేదు, ఏదీ రాసిపెట్టలేదు. సర్కారు మాత్రం రాసింది. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించాక ఎరుకల పేర్లు పోలీసు రిజిస్టర్లకెక్కాయి, వేలిముద్రలు తీసుకున్నారు. ఉప్పు మోసి, బుట్టలల్లి బతికినవాళ్లు పుట్టుకతోనే దొంగలయ్యారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. మచ్చ మాత్రం పోలేదు.

అందుకే మన చరిత్ర మనమే వెతుక్కోవాలి. ముందు ముసలివాళ్ల మాటలు రాసుకోండి. తర్వాత బడిలో అడ్మిషన్ రిజిస్టరు, పంచాయతీలో జనన మరణాల రిజిస్టరు, తహశీల్దారు కార్యాలయంలో అడంగల్ చూడండి. చూపించకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. 1953 దాకా మనం మద్రాసు కిందే ఉన్నాం గనుక పాత ప్రభుత్వ కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

ఆ కాగితాల్లో తాత పేరు పక్కన 'నేరస్థుడు' అని కనబడితే తలదించుకోకండి. ఆ మాట రాసినవాడిది. పేరు, ఊరు, తండ్రి పేరు మనవి. వాటిని తెచ్చుకుందాం, మిగతా కథ మన చేత్తో రాద్దాం.