సెల్లు, స్మార్టు, చురుకు
‘నాది సెల్లు కాదు, స్మార్ట్‌ఫోన్’ అంటుంటారు. స్మార్ట్‌ఫోనూ సెల్లే! చిన్న గది అనే అర్థమున్న లాటిన్ ‘సెల్లా’ నుంచే జైలు సెల్లు, టార్చిలైటు సెల్లు వచ్చాయి. ఊళ్లను టవర్ల వారీగా గదుల్లా పంచే ఏర్పాటు వల్ల ఫోనుకూ ఆ పేరే అంటుకుంది. ‘స్మార్ట్’ అంటే పాత ఇంగ్లిషులో చురుక్కుమని నొప్పి పుట్టడం; తెలివి తర్వాత చేరింది. మన ‘చురుకు’దీ ఇంచుమించు అదే దారి: ఎండా చురుక్కుమంటుంది, పిల్లాడూ చురుకే. జనం మాత్రం సెల్లంటే బటన్ ఫోన్, స్మార్టంటే టచ్ ఫోన్ అని తేల్చేశారు. వినసొంపైన లెక్కే గానీ చెల్లదు. 1996 నాటి నోకియా 9000 కమ్యూనికేటర్ నిండా బటన్లే, అయినా ఈమెయిల్, ఫ్యాక్స్ పంపేది. అసలు తేడా, రకరకాల యాప్‌లు వేసుకోనిచ్చే ఆపరేటింగ్ సిస్టమ్‌ది. పత్రికల ‘చరవాణి’ రెండింటికీ సరిపోతుంది, నోళ్లలోనే నలగలేదు.