బ్రా కొలత

రొమ్ముల కింద ఛాతీ చుట్టూ వచ్చే కొలత ఒకటి, రొమ్ముల మీదుగా వచ్చే చుట్టుకొలత ఇంకొకటి. ఈ రెండూ కలిస్తే బ్రా సైజు. మొదటిది 30, 32, 34, 36 వంటి అంకెగా లేబుల్ మీద ఉంటుంది. దాన్ని బ్యాండ్ సైజు అంటారు. రెండు కొలతలకూ మధ్య తేడా ఎ, బి, సి, డి అనే అక్షరంగా ఉంటుంది. అది కప్పు సైజు. అంకె ఛాతీ పట్టీకి, అక్షరం గిన్నెకు. ఒకటి తెలిసి రెండోది తెలియకపోతే సైజు తెలిసినట్టు కాదు. పాతతరం తెలుగు ఆడవాళ్లు దీన్ని ఇప్పటికీ ‘బాడీ’ అనే పిలుస్తారు. దర్జీ దగ్గర మందపాటి నూలు గుడ్డతో, వెనక హుక్కులు పెట్టించి కుట్టించుకున్న రోజుల పేరు అది.

ఈ వస్తువుతో విశాఖ ప్రాంతానికి దగ్గరి సంబంధమే ఉంది. ఉక్కు కర్మాగారం దాటి అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం వైపు వెళ్తే శ్రీలంక సంస్థ బ్రాండిక్స్ నెలకొల్పిన వస్త్ర నగరం వస్తుంది. వెయ్యి ఎకరాల ప్రత్యేక ఆర్థిక మండలి. అందులో సీడ్స్ ఇంటిమేట్ అపారెల్ వంటి యూనిట్లు లోదుస్తులు కుట్టి విదేశాలకు పంపుతాయి. పనిచేసేవాళ్లలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు. పొద్దున్నే బస్సుల్లో వచ్చి షిఫ్టు ముగిశాక బస్సుల్లోనే ఇళ్లకు చేరతారు. ఒక బ్రాలో కప్పులు, రెక్కలు, మధ్య ముక్క, తీగ, తీగను దాచే గొట్టపు పట్టీ, ఎలాస్టిక్కులు, భుజం పట్టీలు, రింగులు, స్లైడర్లు, హుక్కులు అన్నీ కలిపి పాతిక ముప్పై భాగాలు ఉంటాయి. కుట్టు కొద్దిగా పక్కకు జరిగినా కప్పు ఆకారం మారిపోతుంది. ఇంత లెక్కగా కుట్టే చోటికి గంట ప్రయాణం దూరంలో, పూర్ణా మార్కెట్‌లోనో గాజువాకలోనో అదే వస్తువును టేపు పట్టకుండా, వేసి చూడకుండా, ఒక్క మాటలో అడిగి కొనడం మామూలు.

ఆది జాకెట్టు అలవాటు

దర్జీకి జాకెట్టు ఇచ్చేటప్పుడు మన ఆడవాళ్లు ఒళ్లు కొలిపించుకోరు. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ‘ఆది’గా ఇస్తారు. దర్జీ దాన్ని బల్ల మీద పరిచి, కొత్త గుడ్డ మీద సుద్దతో గీత గీసి కత్తిరిస్తాడు. జాకెట్టుకు ఇది చక్కటి పద్ధతి. కొలతలూ కుదురుతాయి, మొగమాటమూ తప్పుతుంది. కుట్టులోపల వదిలిన గుడ్డ వల్ల తర్వాత వదులు చేసుకోవచ్చు కూడా. బ్రాకు ఇదే అలవాటు పనికిరాదు. ఎలాస్టిక్ సాగిపోయిన పాత బ్రా ఆదిగా ఉండలేదు, దాని లేబుల్ మీది అంకె మొదటిరోజే తప్పయి ఉండవచ్చు.

తప్పు ఎక్కువగా పుట్టేది ఇంకో చోట. జాకెట్టు కొలత 36 అంటే రొమ్ముల మీదుగా 36 అంగుళాలు అని. బ్రా మీది 36 మాత్రం రొమ్ముల కింది పట్టీకి సంబంధించిన అంకె. రెండూ ఒకటేననుకుని ‘36 ఇవ్వండి’ అని అడిగితే చేతికొచ్చే బ్రాకు పట్టీ వదులు, గిన్నె చిన్నది. వదులు పట్టీ వీపు మీద పైకి జరుగుతుంది. బరువంతా భుజాల మీద పడుతుంది. భుజం పట్టీలు బిగిస్తే భుజాల మీద గాడి పడుతుంది. మెడనొప్పికి మందు రాసుకుంటారే తప్ప, దానికి దుకాణంలో చెప్పిన అంకె కారణం కావచ్చని చాలామందికి తట్టదు.

తట్టకపోవడానికి కారణం లేకపోలేదు. పాత బజార్లలో గల్లా ముందు నిలబడి, పక్కన ఎవరైనా వింటున్నారేమో చూసుకుని, అంకె ఒక్కటి చెప్పి, కాగితంలో చుట్టిన పొట్లం సంచి అడుగున పెట్టుకునే దాకా ఆడమనిషికి ఊపిరాడదు. అక్షరం అడిగేంత తీరిక ఆ అర నిమిషంలో ఉండదు. అమ్మేవాడు మగవాడైతే అసలే ఉండదు. ఇందులో కొనేవాళ్ల తప్పేమీ లేదు.

కొలిచే పద్ధతి

మెత్తటి దర్జీ టేపు, నిలువుటద్దం ఉంటే చాలు. పల్చటి, మెత్త లేని బ్రా వేసుకునో, ఏమీ లేకుండానో కొలవాలి. టేపును రొమ్ముల కింద, వాటికి ఆనించి, వీపు మీద నేలకు సమాంతరంగా తిప్పి, ఊపిరి వదిలి, బిగువుగా పట్టుకుని చూడాలి. వీపు వెనక టేపు జారిందో లేదో మనకు కనపడదు కనుక అద్దం కావాలి. అక్కో వదినో టేపు పట్టుకుంటే ఇంకా మేలు. తర్వాత నిటారుగా నిలబడి, రొమ్ములు ఎక్కువ ఎత్తుగా ఉన్నచోట టేపును ఆనీ ఆననట్టు తిప్పి రెండో కొలత తీసుకోవాలి. బరువైన రొమ్ములున్నవాళ్లు నడుం దగ్గర ముందుకు వంగి ఇంకోసారి కొలిచి రెంటి సగటు తీసుకుంటే నిజానికి దగ్గరగా వస్తుంది.

కింది కొలతను దగ్గరి పెద్ద సరిసంఖ్యకు మార్చితే బ్యాండ్ సైజు. పై కొలతలోంచి బ్యాండ్ సైజు తీసేస్తే మిగిలిన అంగుళాలు కప్పు. ఒక అంగుళం ఎ, రెండు బి, మూడు సి, నాలుగు డి, ఐదు డబుల్ డి. ఉదాహరణకు కింది కొలత 31, పై కొలత 36 అనుకుందాం. 31కి దగ్గరి పెద్ద సరిసంఖ్య 32. 36లోంచి 32 తీసేస్తే 4. కనుక 32డి.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. కింది కొలత సరిసంఖ్య అయితే 4, బేసి అయితే 5 కలపాలనే పాత సూత్రం ఇప్పటికీ చాలా చోట్ల తిరుగుతోంది. దాని ప్రకారం అదే మనిషికి 31కి 5 కలిపి 36 బ్యాండ్ వస్తుంది. పై కొలతా 36 కాబట్టి తేడా సున్నా, అంటే ఎ కంటే కూడా తక్కువ. ఆమె చేతిలో 36ఎ పెడతారు. 32డి ఎక్కడ, 36ఎ ఎక్కడ! సాగని గుడ్డతో పట్టీలు కుట్టిన రోజుల్లో ఆ సూత్రానికి అర్థముండేది. ఎలాస్టిక్ వచ్చాక దాని అవసరం పోయింది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో వెలువరించిన అధ్యయనంలో 45 మంది మహిళలకు టేపు పద్ధతిలో వచ్చిన సైజును, నిపుణులు వేసి చూసి తేల్చిన సైజుతో పోల్చారు. టేపు పద్ధతి 76 శాతం మందికి బ్యాండును ఎక్కువగా, 84 శాతం మందికి కప్పును తక్కువగా చూపింది. అందుకే టేపు ఇచ్చే జవాబును మొదటి అంచనాగానే తీసుకోవాలి. కంపెనీ తన పెట్టె మీద పట్టిక ఇస్తే ఆ బ్రాండ్ వరకు దాన్నే పాటించాలి. కొన్ని కంపెనీలు ఆ 4, 5 కలిపి లెక్కిస్తాయి, కొన్ని కలపవు.

దగ్గరి సైజుల గురించి తెలిస్తే దుకాణంలో ఇబ్బంది సగం తగ్గుతుంది. కప్పు అక్షరం పరిమాణం బ్యాండును బట్టి మారుతుంది. 34సి గిన్నెలో పట్టేంతే 32డి గిన్నెలోనూ, 36బి గిన్నెలోనూ పడుతుంది. పట్టీ ఒక మెట్టు తగ్గిస్తే అక్షరం ఒక మెట్టు పెంచాలి, పట్టీ పెంచితే అక్షరం తగ్గించాలి. ‘డి’ అంటే చాలా పెద్దదనే భయం ఇందువల్లే అర్థంలేనిది. 30డి, 38డి రెండూ ఒకటి కావు.

ఓడరేవు ఊరు కనుక విదేశీ సరుకూ, విదేశాల్లో ఉన్న పిల్లలు తెచ్చే సరుకూ విశాఖ ఇళ్లలో కనిపిస్తాయి. యూరప్‌లో బ్యాండును సెంటీమీటర్లలో రాస్తారు. అక్కడి 75 మన 34తో సమానం, 80 మన 36తో సమానం. ఫ్రాన్స్‌లో ఇంకో 15 కలిపి 34ను 90 అంటారు. డి తర్వాత బ్రిటన్‌కూ అమెరికాకూ అక్షరాలు వేరైపోతాయి. మన దేశంలో కొన్ని పెట్టెల మీద 34 పక్కన 85 సెంటీమీటర్లు అని ఉంటుంది. అది యూరప్ 85 కాదు. యూరప్ 85 అంటే మన 38.

అక్షరాల పుట్టుక

అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జాకబ్ 1914 నవంబరు 3న బ్రాకు పేటెంటు పొందారు. ఆ హక్కులను వార్నర్ సంస్థ 1,500 డాలర్లకు కొన్నది. రొమ్ముల పరిమాణానికి అక్షరాలు పెట్టడం 1932లో మిచిగన్‌లోని ఎస్.హెచ్. క్యాంప్ సంస్థతో మొదలైంది. ఆ దశాబ్దంలోనే వార్నర్ ఎ నుంచి డి దాకా కప్పులను మార్కెట్లోకి తెచ్చింది. దక్షిణాదిలో ఎం.జి. నాయుడు 1939లో చెన్నైలో మొదలుపెట్టిన నాయుడు హాల్ లోదుస్తులకు పేరుపడింది. భారతీయుల ఒంటి కొలతలతో దేశానికంతటికీ పనికొచ్చే పట్టిక తయారు చేయడానికి జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ ‘ఇండియా సైజ్’ సర్వే చేపట్టింది. త్రీడీ స్కానర్లతో కొలతలు తీసే నగరాల్లో హైదరాబాదును చేర్చింది. పరాయి దేశపు ఒంటి లెక్కలతో వచ్చిన సైజులను వాడుతున్నంతకాలం వేసి చూడనిదే కుదిరిందో లేదో తేలదు.

వేసుకున్నాక చూడాల్సినవి

కొత్త బ్రాను బయటి వరస హుక్కులో, అంటే అన్నిటికంటే వదులుగా ఉన్న దాంట్లో పెట్టుకుంటే సరిపోవాలి. ఎలాస్టిక్ వాడకంలో సాగుతుంది. మూడు వరసలు పెట్టింది నెలలు గడిచే కొద్దీ లోపలికి జరుపుకోవడానికే. హుక్కు పెట్టాక ముందుకు వంగి, ఒక్కో వైపు చేయి పెట్టి చంకలోని కండను కప్పులోకి తెచ్చుకోవాలి. రొమ్ము కణజాలం చంక దాకా ఉంటుందని తెలియక చాలామంది ఈ పని చేయరు. చంక దగ్గర ముద్దలా బయటికొచ్చేది లావు వల్లేననుకుంటారు.

ఇక అద్దంలో పక్కకు తిరిగి చూస్తే పట్టీ ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉండాలి. దాని కింద రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు. చేతులెత్తితే పైకి జరగకూడదు. మధ్య ముక్క ఎదురొమ్ము ఎముకకు ఆనాలి. ఆనకుండా గాలిలో తేలుతుంటే కప్పు చిన్నదని అర్థం. తీగ రొమ్ము చుట్టూ తిరగాలే కానీ దాని మీద ఎక్కకూడదు. పైన పొంగితే కప్పు పెంచాలి, ముడతలు పడితే తగ్గించాలి. రెండు రొమ్ములూ అచ్చు ఒకేలా ఉండేవాళ్లు అరుదు. పెద్దదానికి సరిపోయే కప్పు తీసుకుని రెండోవైపు భుజం పట్టీని కాస్త బిగించుకోవాలి. చివరి పరీక్ష భుజం పట్టీలను జార్చేయడం. అప్పుడూ బ్రా చోటు కదలకుండా నిలబడితే బరువును కింది పట్టీయే మోస్తోందని అర్థం.

విశాఖ ఉక్కపోతలో

సముద్రపు తేమ, చెమట కలిసిన ఈ ఊళ్లో బిగుతు సింథటిక్ బ్రా కింద చెమటకాయలు, ఎర్రటి ఒరుపు, శిలీంధ్రపు దద్దురు తొందరగా వస్తాయి. నూలుగానీ, చెమటను పీల్చే గుడ్డగానీ మంచిది. ఉతికి పిండకుండా ఆరేయాలి. ఇక్కడ ఇంటింటా కనిపించే దృశ్యం ఒకటి ఉంది. బ్రాను తీగ మీద వేసి, ఎవరికీ కనపడకూడదని దాని మీద తువ్వాలో చీరో కప్పుతారు. ఈ గాలిలో అది సాయంత్రానికీ తడి ఆరదు. చెమ్మ బ్రా వేసుకుంటే దద్దురు తగ్గదు. గాలి తగిలే నీడలో విప్పి ఆరేయడం సిగ్గుపడాల్సిన పని కాదు. ఒకదాన్నే రోజూ వేయకుండా మూడింటిని మార్చుకుంటే ఎలాస్టిక్ కూడా కోలుకుంటుంది.

బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే, పరుగెత్తే ఆడవాళ్లకు మామూలు బ్రా చాలదు. పరుగులో రొమ్ము పైకీ కిందికీ పక్కలకూ కదులుతుంది. లోపలి ఆధార తంతువుల మీద ఒత్తిడి పడుతుంది. పట్టీ గట్టిగా, కప్పు విడిగా ఉన్న స్పోర్ట్స్ బ్రా వాళ్లకు కావాలి.

వయసు, శరీరం

సైజు జీవితమంతా ఒకటే ఉండదు. నెలసరికి ముందు కప్పు కొంచెం పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఛాతీ చుట్టుకొలత కూడా పెరుగుతుంది. పాలిచ్చే రోజుల్లో తీగ బ్రా, బిగుతు బ్రా పాల నాళాలను ఒత్తి గడ్డ కట్టేలా చేయవచ్చు కాబట్టి ముందు విప్పే వీలున్న మెత్తటి ఫీడింగ్ బ్రా తీసుకోవాలి. పెద్దమనిషయ్యే ముందే ఆడపిల్లలకు రొమ్ము మొగ్గ వస్తుంది. అప్పుడే తల్లి టేపు పట్టుకుని కొలిచి చూపిస్తే ఆ పిల్లకు జీవితాంతం పనికొస్తుంది. బరువు ఐదారు కిలోలు మారినా, కాన్పు అయినా, కనీసం ఏడాదికోసారైనా మళ్లీ కొలవాలి.

బ్రా వేసుకుంటే క్యాన్సర్ వస్తుందనే మాటకు ఆధారం లేదు. అమెరికాలో 55–74 ఏళ్ల మహిళలపై చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో బ్రా వాడకానికీ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం కనపడలేదు. రొమ్ము క్యాన్సర్ మాత్రం భారత మహిళల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్. కొలిచేటప్పుడో వేసుకునేటప్పుడో గడ్డ తగిలినా, చర్మం లోపలికి గుంట పడినా, చనుమొన నుంచి రక్తం కారినా వెంటనే వైద్యులకు చూపించాలి. విశాఖలోని కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్)‌లోనూ, టాటా మెమోరియల్ సెంటర్ అగనంపూడిలో నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలోనూ చికిత్స ఉంది. రొమ్ము తీసేసిన తర్వాత కూడా కొలత అవసరమే. లోపల జేబు ఉన్న బ్రాలో, రెండో వైపు బరువుకు తూగే కృత్రిమ రొమ్ము పెట్టుకుంటే ఒళ్లు ఒక పక్కకు ఒరగదు.

విశాఖలో లోదుస్తులు అమ్మే ప్రతి దుకాణంలో ఒక టేపు, తలుపున్న ఒక చిన్న గది, అందులో నిలువుటద్దం, కొలవడం తెలిసిన ఒక మహిళ ఉండాలి. పెట్టుబడిగా చూస్తే ఇది పెద్ద ఖర్చేమీ కాదు. అవి లేని చోట ‘గది ఉందా?’ అని అడగండి, లేదంటే పక్క దుకాణానికి వెళ్లండి.