ఇంగ్లాండు రాజులు, బానిస వ్యాపారము, మన గోదావరి సీమ

మా దెందులూరు ప్రాంతములో మా తాతల కాలమున ఆదివారపు ఆరాధనలో ఇంగ్లాండు రాజుగారి క్షేమము కొరకు ప్రార్థన చేసేవారు. పాత ప్రార్థన పుస్తకములో ఆ ప్రార్థన ఉండేది. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట రాజుగారి స్థానములో మన దేశాధిపతులు వచ్చారు. పాలించేవారి కొరకు ప్రార్థించడము క్రైస్తవులకు విధి గనుక అందులో తప్పు లేదు. అయితే ఎవరి కొరకు అంతకాలము ప్రార్థించామో ఆ సింహాసనము చరిత్ర ఏమిటో కూడ తెలిసికొనడము మంచిదని మేము తలచాము. శతాబ్ది సంచికలో మిషనెరీల త్యాగమును గురించి, బడులు, ఆసుపత్రులను గురించి వ్రాసేవారు చాలామంది ఉంటారు. మేము మాత్రము కొంచెము కష్టమైన సంగతిని ఎన్నుకొన్నాము. చదువరులు ఓపికతో చదువవలెనని కోరుచున్నాము.

1562లో జాన్ హాకిన్స్ అనే ఇంగ్లీషు నావికుడు పశ్చిమ ఆఫ్రికా తీరమున మనుష్యులను పట్టుకొని అట్లాంటిక్ సముద్రము దాటించి స్పెయిన్ వలసలలో అమ్మాడు. లాభము వచ్చింది. 1564లో అతడు రెండవ ప్రయాణమునకు బయలుదేరినప్పుడు ఎలిజబెత్ రాణి తన స్వంత నౌకాదళపు ఓడనే అతనికి ఇచ్చింది. ఆ ఓడ పేరు ‘జీసస్ ఆఫ్ లూబెక్’. ప్రభువు నామము పెట్టిన ఓడలో సంకెళ్లు వేసిన మనుష్యులను ఎక్కించారు. తర్వాత హాకిన్స్‌కు దొరికిన వంశచిహ్నము పైన కట్టివేయబడిన ఒక ఆఫ్రికా మనిషి బొమ్మ ఉన్నది. దానిని ఆనాడు గౌరవమనుకొన్నారు.

ఆ ఎలిజబెత్ రాణియే 1600 డిసెంబరు 31న ఈస్టిండియా కంపెనీకి పట్టా ఇచ్చింది. మన తీరమునకు ఇంగ్లీషువారు రావడానికి మూలము ఆ పట్టాయే. తర్వాత వచ్చిన మొదటి జేమ్స్ రాజు పేరు మనకు బైబిలు తర్జుమా వలన బాగా తెలుసు. ఆ ఇంగ్లీషు బైబిలు 1611లో అచ్చయింది. అదే 1611లో కంపెనీవారి ‘గ్లోబ్’ అనే ఓడ మచిలీపట్టణము రేవుకు వచ్చింది. అదే జేమ్స్ రాజు 1618లో ఆఫ్రికాలోని గినీ తీరపు వ్యాపారమునకు వేరొక కంపెనీకి పట్టా ఇచ్చాడు. బైబిలు, మన తీరము, గినీ తీరము, ఈ మూడును ఒకే రాజు చేతి క్రిందికి వచ్చినవని గమనించవలెను.

రాజులు దూరముగా కూర్చుండి పట్టాలు మాత్రమే ఇచ్చారనుకొంటే పొరపాటు. రెండవ చార్లెస్ సింహాసనము ఎక్కిన 1660లోనే ఆఫ్రికా వ్యాపారమునకు రాజ కంపెనీ ఏర్పడింది. 1663 పట్టాలో బానిసల కొనుగోలు, అమ్మకము స్పష్టముగానే చేర్చారు. 1672లో దాని స్థానములో రాయల్ ఆఫ్రికన్ కంపెనీ వచ్చింది. రాజుగారి తమ్ముడు, తర్వాత రెండవ జేమ్స్ రాజైన యార్కు ప్రభువు, దాని గవర్నరు. ఈ ఒక్క కంపెనీ ఓడలు సుమారు 1,50,000 మంది ఆఫ్రికావారిని అమెరికా ఖండములకు చేరవేసినవి. మరి ఏ ఒక్క సంస్థయు అంతమందిని తీసికొనిపోలేదని చరిత్రకారులు చెప్పుచున్నారు. 1689లో కంపెనీ ఉప గవర్నరు ఎడ్వర్డ్ కోల్‌స్టన్ వెయ్యి పౌన్ల వాటాలను మూడవ విలియమ్ రాజు పేరిట మార్చాడు. 1713లో ఆన్ రాణి కాలమున స్పెయిన్‌తో ఒడంబడిక జరిగి, ఆ దేశపు వలసలకు ఏటా 4,800 మంది చొప్పున ముప్పది ఏండ్లు బానిసలను సరఫరా చేసే హక్కు ఇంగ్లాండుకు వచ్చింది. సౌత్ సీ కంపెనీ ఆ పని చేసింది. 1718లో మొదటి జార్జి రాజు ఆ కంపెనీకి గవర్నరయ్యాడు.

దీనికిని మన సీమకును సంబంధమేమిటని అడుగవచ్చు. సంబంధము గుడ్డలో ఉన్నది. ఆఫ్రికా తీరమున మనుష్యులను కొనడానికి ఇచ్చిన సరకులలో భారతదేశపు నూలు వస్త్రములు ముఖ్యమైనవి. ‘గినీ గుడ్డ’ అని పేరుపొందిన నీలి రంగు, గళ్ల వస్త్రములు చాలావరకు మన కోరమండల్ తీరమున నేసినవే. నరసాపురము ప్రక్కన మాధవాయిపాలెములోను, వీరవాసరములోను 17వ శతాబ్దములోనే ఇంగ్లీషువారి కొఠీలు ఉండేవి. పాలకొల్లులో డచ్చివారిది ఉండేది. మాధవాయిపాలెము పేరు ఐరోపావారి నోట ‘మదపొల్లమ్’గా మారి ఒక రకపు గుడ్డకే పేరయింది. మగ్గము ముందు కూర్చున్న నేతగానికి తాను నేసిన తాను ఎక్కడికి పోవునో తెలియదు. అతనికి ముట్టినది కూలి మాత్రమే. అతనిపై నేరము మోపడము మా ఉద్దేశము కాదు. కాని మన ఊళ్ల గుడ్డకును ఆఫ్రికా తల్లుల కన్నీటికిని నడుమ వ్యాపారపు దారము ఒకటి ఉన్నదని మరువరాదు.

మన దేశపువారిని కూడ బానిసలుగా ఓడలెక్కించారు. కరవు వచ్చినప్పుడు ఆకలికి తాళలేక తలిదండ్రులు పిల్లలను, పెద్దవారు తమ్మును తామే అమ్ముకొనేవారు. డచ్చివారు అటువంటివారిని కోరమండల్ రేవులలో కొని తూర్పు దీవులకు పంపేవారు. ఇంగ్లీషు కంపెనీవారు 1683లో చెన్నపట్టణమున ఈ ఎగుమతిని నిషేధించారు. కొద్ది ఏండ్లకే తలకు ఒక వరహా సుంకము పెట్టి మరల సాగనిచ్చారు, పిమ్మట తిరిగి ఆపారు. యోసేపును అన్నలు అమ్మివేసిన కథ మనము ఆదివారపు బడిలో నేర్చుకొన్నదే. అక్కడ అసూయ అమ్మింది, ఇక్కడ ఆకలి అమ్మింది.

ఇక రెండవ ప్రక్క కూడ చెప్పవలెను. ఇంగ్లాండులో ఈ పాపమునకు ఎదురు నిలిచినవారిలో భక్తిగల క్రైస్తవులు ముందున్నారు. విల్బర్‌ఫోర్స్, హెన్రీ థార్న్‌టన్ మొదలైనవారు 1799లో చర్చి మిషనెరీ సొసైటీ స్థాపనలో పాలుపంచుకొన్నారు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరగార్లను మచిలీపట్టణమునకు పంపినది ఆ సొసైటీయే. 1854లో ఏలూరులో మిషను ప్రారంభించినది ఆ సొసైటీయే. అనగా మన ఊళ్లకు వచ్చిన సువార్త, బానిసల విడుదలకై పోరాడినవారి చేతుల మీదుగా వచ్చింది. ఇందుకు కృతజ్ఞత చెల్లించవలెను. అయితే సంఘము చేతులన్నియు శుభ్రముగా లేవు. ఎస్.పి.జి. అనే మరొక మిషను సొసైటీకి బార్బడోస్ దీవిలో కాడ్రింగ్‌టన్ చెరకు తోటలు ఉండేవి. అక్కడి బానిసలకు సొసైటీ పేరుతోనే వాతలు వేసిన కాలము ఒకటి ఉన్నది. 2006లో ఇంగ్లాండు సంఘపు మహాసభ ఇందుకు క్షమాపణ కోరింది.

రాజకుటుంబమేమి చేసింది? మూడవ జార్జి కుమారుడు క్లారెన్సు ప్రభువు ప్రభువుల సభలో లేచి బానిస వ్యాపారమును సమర్థించాడు. అయినను 1807లో ఆ వ్యాపారమును నిషేధించే చట్టమునకు మూడవ జార్జి ఆమోదము లభించింది. 1833 వచ్చేసరికి ఆ క్లారెన్సు ప్రభువే నాలుగవ విలియమ్ రాజు. బానిసత్వ నిర్మూలన చట్టము ఆయన పేరిటనే వెలువడింది. సుమారు 8,00,000 మందికి విడుదల చెప్పిన ఆ చట్టము, యజమానులకు రెండు కోట్ల పౌన్లు నష్టపరిహారమిచ్చింది. విడుదలైనవారికి ఒక్క పైసా ఇవ్వలేదు.

అన్నిటికంటె మనకు ముఖ్యమైన సంగతి ఇది. ఆ చట్టములోనే, ఈస్టిండియా కంపెనీ పాలించే దేశములకు ఇది వర్తించదని ఒక నిబంధన వ్రాశారు. ఉత్తర సర్కారులు 1760ల నుండి కంపెనీ చేతిలో ఉన్నవి గనుక ఏలూరు, దెందులూరు, కొల్లేటి లంకలు అన్నియు ఆ నిబంధన క్రిందికే వచ్చినవి. జమైకా బానిసకు వచ్చిన విడుదల మన పల్లెలకు రాలేదు. కంపెనీ పట్టాను పొడిగించిన చట్టము కూడ అదే రోజున, 1833 ఆగస్టు 28న, రాజామోదము పొందింది. అందులో బానిసల స్థితిని బాగుచేయవలెనని గవర్నరు జనరలుకు సూచన మాత్రమున్నది. బానిసత్వమును కోర్టులు గుర్తించరాదనే చట్టము మన దేశములో 1843లో వచ్చింది. బానిసలను కొనడము, అమ్మడము నేరమని చెప్పిన శిక్షాస్మృతి 1860లో వచ్చింది.

ఈ చట్టముల మాట మా పల్లెలలో ఎవరికి వినిపించింది? మన సంఘములలో అనేక కుటుంబములు మాల, మాదిగ పల్లెల నుండి వచ్చినవి. పెండ్లి ఖర్చుకో కరవు గింజలకో కామందు వద్ద బాకీ పడి, ఆ బాకీ క్రింద కొడుకును పాలేరుగా పెట్టి, వడ్డీ తీరక మనుమడు కూడ అదే దొడ్డిలో పని చేసిన సంగతులు మనము విన్నవే. పాలేరుతనము అట్లాంటిక్ బానిసత్వము వంటిదే అని మేము చెప్పము. పాలేరును సంతలో వేలము వేయలేదు. కాని కాగితముపై స్వేచ్ఛ ఉండి కాలు కదపలేని స్థితి ఒకటున్నది. వెట్టిచాకిరి రద్దు చట్టము 1976లో గాని రాలేదు.

బానిసలు విడుదలైన తర్వాత చెరకు తోటలకు మరల కూలీలు కావలసి వచ్చారు. అప్పుడు ఓడలు మన వైపు తిరిగినవి. కాకినాడ ప్రక్కన కోరంగి రేవు నుండి మారిషస్‌కు తెలుగువారు వెళ్లారు. అందుచేత పరదేశములలో తెలుగువారికి ‘కోరంగీలు’ అని పేరు వచ్చింది. విక్టోరియా రాణి పాలనలో, 1860 నవంబరు 16న, ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో దక్షిణాఫ్రికాలోని నెటాల్ చేరింది. 1911 వరకు 1,52,000 పైచిలుకు మంది ఒప్పందపు కూలీలుగా అక్కడకు పోయారు. వారిలో తెలుగువారు అనేకులు. ఇది బానిసత్వము కాదు, గడువు గల ఒప్పందమే. అయినను గడువు లోపల తోట విడిచి వెళ్లితే శిక్ష ఉండేది. ప్రతి మనిషికి ఒక నంబరు వేసేవారు.

వారిని మరువని సంఘము కూడ ఉన్నది. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టులు 1903లో జాన్ రంగయ్యగారిని తమ మిషనెరీగా నెటాల్‌కు పంపారు. దొరలు మనకు మిషనెరీలను పంపిన రోజులలోనే, తెలుగు సంఘము తన కానుకలతో తెలుగు కూలీల వద్దకు తన సేవకుని పంపడము మన చరిత్రలో గొప్ప సంగతి.

మూడవ చార్లెస్ రాజు, యువరాజుగా ఉన్నప్పుడు 2021లో బార్బడోస్‌లోను, 2022లో రువాండాలోను బానిసత్వమును గూర్చి విచారము తెలిపారు. 2023లో రాజవంశపు సంబంధమును గూర్చిన పరిశోధనకు రాజభవనము సహకారము ప్రకటించింది. సింహాసనము నుండి పూర్తి క్షమాపణ మాత్రము రాలేదు. వారి సంగతి వారు చూచుకొందురు గాక. మన సంగతి మనము చూచుకొనవలెను.

సంఘ సభ్యులకు మేము చేసే మనవి ఒక్కటే. మన పాత బాప్తిస్మపు రిజిస్టర్లు చెదలు పట్టక ముందే తీసి చూడండి. కామందుల లెక్క పుస్తకములలో బాకీగాను, ఓడల జాబితాలలో నంబరుగాను కనిపించిన మనుష్యులు ఆ రిజిస్టర్లలో పేరుతో, తండ్రి పేరుతో, ఊరి పేరుతో ఉన్నారు. ఇంటిలో పెద్దవారు ఉన్నంతలోనే వారి పాలేరుతనపు రోజులను అడిగి వ్రాసి పెట్టండి. నేడు కూడ మన ఇండ్లలో, చేపల చెరువుల మీద, ఇటుక బట్టీలలో అప్పు క్రింద పనిచేయుచున్న పిల్లలు ఎవరైనా ఉన్నారా అని మొదట మనలో మనము చూచుకొందాము. పాలకుల కొరకు ప్రార్థించే నోటితోనే వారి చేత అణగద్రొక్కబడినవారి కొరకు కూడ ప్రార్థించే సంఘముగా మనము రెండవ శతాబ్దములో అడుగు పెట్టుదుము గాక.