రొయ్య తొక్కల నుంచి పల్చని పొర: కైటోసాన్ మెంబ్రేన్ ఎలా తయారవుతుంది?

రొయ్యలు (మన ఇళ్లలో ఝింగా) తెచ్చి ఒలిస్తే తల, తొక్క కలిపి 40 శాతానికి పైగా బరువు చెత్తబుట్టలోకే పోతుంది. రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. అందుకే భీమవరం, నెల్లూరు, విశాఖ వైపు ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఈ తొక్కలు గుట్టలుగా పోగవుతాయి. వెంటనే తీయకపోతే కుళ్లి కంపు కొడతాయి, కాల్వల్లో పడితే నీళ్లు పాడవుతాయి. కానీ ఇదే తొక్కలో గాయం కట్టుకు, నీటి శుద్ధికి పనికొచ్చే పదార్థం ఉంది.

తొక్కలో ఏముంది?

ఎండిన రొయ్య తొక్కలో ముఖ్యంగా మూడు ఉంటాయి: సున్నం లాంటి కాల్షియం కార్బొనేట్, ప్రొటీన్, కైటిన్. కైటిన్ వాటా సుమారు 20 నుంచి 30 శాతం. 1811లో ఫ్రాన్స్‌ శాస్త్రవేత్త బ్రాకొనో దీన్ని మొదట పుట్టగొడుగుల్లో గుర్తించారు. ఇది నీళ్లలో కరగదు. 1859లో రుజే అనే మరో శాస్త్రవేత్త దీన్ని గాఢమైన క్షారంలో మరిగిస్తే, పల్చని ఆమ్లంలో కరిగేలా మారింది. దాన్నే ఇప్పుడు కైటోసాన్ అంటున్నాం.

తయారీ దశలు

1. కడిగి ఎండబెట్టిన తొక్కల్ని పల్చని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తారు. బుడగలు వస్తూ సున్నం కరిగిపోతుంది. బుడగలు ఆగాయంటే పని దాదాపు అయినట్టే.
2. పల్చని కాస్టిక్ సోడాలో వేడి చేస్తే ప్రొటీన్ పోతుంది. మిగిలేది కైటిన్.
3. దాన్ని 40 నుంచి 50 శాతం కాస్టిక్ సోడాలో 100 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. కైటిన్‌లోని ఎసిటైల్ సమూహాలు ఊడిపోయి అమైనో సమూహాలు బయటపడతాయి. కైటోసాన్ బలమంతా వీటిలోనే ఉంది.
4. కైటోసాన్‌ను 1 లేదా 2 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, వడకట్టి, గాలి బుడగలు పోనిచ్చి, గాజు పళ్లెంలో పల్చగా పోసి ఆరబెడతారు.
5. ఆరిన పొరను పల్చని కాస్టిక్ సోడాలో ముంచి, బాగా కడుగుతారు. ఈ పని చేయకపోతే పొర నీళ్లలో మళ్లీ ఉబ్బి కరిగిపోతుంది.

ఎందుకు మార్చాలి?

ఉత్త కైటోసాన్ పొర ఎండితే పెళుసు, తడిస్తే మెత్తన. గ్లిజరిన్ కలిపితే వంగుతుంది. పాలీవినైల్ ఆల్కహాల్ కలిపితే సాగే గుణం పెరుగుతుంది. గ్లూటరాల్డిహైడ్ అణువుల గొలుసుల మధ్య ముడులు వేస్తుంది కాబట్టి పొర గట్టిపడి, ఆమ్లానికి కూడా తట్టుకుంటుంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. రాగి లాంటి లోహాల్ని, రంగుల్ని పట్టుకునేది అమైనో సమూహాలే. ముడులు వేయడానికి ఖర్చయ్యేదీ అవే. ముడులు ఎక్కువైతే పొర గట్టిదే, కానీ పట్టుకునే శక్తి తగ్గుతుంది. పైగా గ్లూటరాల్డిహైడ్ విషపదార్థం. అందుకే గాయానికి వాడే పొరల కోసం గార్డేనియా కాయల నుంచి వచ్చే జెనిపిన్‌ను పరిశోధకులు వాడుతున్నారు. అది పొరకు నీలి రంగు తెస్తుంది, ఖరీదు కూడా ఎక్కువే.

ఉపయోగాలు

కైటోసాన్‌కు ధన విద్యుదావేశం ఉంటుంది. ఎర్ర రక్తకణాలకు రుణావేశం. రెండూ అతుక్కుని రక్తం త్వరగా ఆగుతుంది. హెమ్‌కాన్ అనే కైటోసాన్ బ్యాండేజీకి 2002లో అమెరికాలో అనుమతి వచ్చింది, అక్కడి సైన్యం దాన్ని వాడింది. ఇథనాల్ నుంచి నీటిని వేరుచేసే పొరలుగానూ ఇవి పనికొస్తాయి.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

గాఢ కాస్టిక్ సోడా చర్మాన్ని, కళ్లను కాల్చేస్తుంది. ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు. రొయ్యలు పడనివారు కైటోసాన్ కట్టు వాడేముందు డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పాలి. ఇక ప్లాంటు పెట్టేవారు ముందుగా లెక్క వేసుకోవాల్సింది వాడేసిన ఆమ్లం, క్షారం నీళ్ల గురించే. వాటిని శుద్ధి చేయకుండా కాల్వలోకి వదిలితే, తొక్కల చెత్త పోయి అంతకంటే పెద్ద చెత్త వచ్చినట్టే.