బొంత కింద పేరు

ఎనిమిదో తరగతికి చరిత్ర చెప్పేటప్పుడు మచిలీపట్నం ప్రస్తావన వస్తుంది. 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ వర్తక స్థావరం పెట్టారని, మన నేత బట్టలు ఓడలెక్కాయని చెబుతాం. ఆ బట్టలు ఎందాకా వెళ్లాయో చెప్పం. కోరమండల్ తీరపు నూలుబట్టల్లో కొన్ని ఐరోపా మీదుగా పశ్చిమ ఆఫ్రికా చేరాయి. అక్కడ వాటిని ఇచ్చి మనుషుల్ని కొన్నారు.

ఆఫ్రికా నుంచి మన దేశానికీ మనుషులు వచ్చారు. కొందరిని బానిసలుగా తెచ్చారు, కొందరు సైనికులుగా వచ్చారు. వాళ్ల సంతతే సిద్దీలు. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్‌కు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికా గుర్రపు దళం వల్లే వచ్చింది. అక్కడి పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫాలో యెమెన్ అరబ్బులతో పాటు సిద్దీల చెయ్యీ ఉంది.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలను 2003లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. అంటే వాళ్లూ మన వరుసలోని వాళ్లే. అక్కడి ఆడవాళ్లు పాత చీరలు, చొక్కాల ముక్కలతో బొంతలు కుడతారు. వాటిని కవండి అంటారు. అంచు దగ్గర మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. చివర్న మూలల్లో మడిచిన గుడ్డముక్కలు పెడతారు. వాటికి పూలని పేరు. ఆ పూలు లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు.

2011లో న్యూయార్క్‌లోని షాంబర్గ్ కేంద్రం ఈ బొంతలతో ప్రదర్శన పెట్టింది. నల్లజాతి చరిత్రను భద్రపరిచే సంస్థ అది. ఆ ప్రదర్శన పేరులోనే సిద్దీల పేరుంది. 2013లో అదే కేంద్రం భారతదేశంలోని ఆఫ్రికన్ల చరిత్రను చూపింది. బానిసగా అమ్ముడై, తర్వాత అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మాలిక్ అంబర్ కథ అందులో ఉంది. 2014లో ఆ ప్రదర్శన ఢిల్లీకీ వచ్చింది.

ఇక మన సంగతి. మా బడిలో పాత వస్తువుల ప్రదర్శన పెట్టినప్పుడు మా అమ్మ కుట్టిన బొంత, అల్లిన ఈత బుట్ట తీసుకెళ్లాను. కింద చీటీ మీద "గిరిజనుల వస్తువులు" అని నేనే రాశాను. మా ఎరుకల పిల్లవాడొకడు చదివి, "అవ్వ పేరు రాయలేదేం సార్?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో చాలా ఫొటోల కింద కులం పేరే ఉంటుంది, మనిషి పేరుండదు. దాన్ని తప్పుపట్టే నేనూ అదే పని చేశాను.

విజయవాడలో బాపూ మ్యూజియం ఉంది. కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలో, నేరస్థ తెగల చట్టం కింద మనవాళ్లను కట్టడి చేసిన సెటిల్మెంటు ఉండేది. ఆ ఒడ్డు బతుకు ఈ ఒడ్డున ప్రదర్శనకు రావాలి. బుట్టలు, బొంతలు, పాత ఫొటోలు మన ఇళ్లలోనే ఉన్నాయి. సిద్దీ అక్కచెల్లెళ్లనూ వాళ్ల బొంతలతో పిలుద్దాం. ప్రతి వస్తువు కిందా, చేసిన మనిషి పేరు రాద్దాం.

మా బడిలో చీటీ ఆ రోజే మార్చాను. ఇప్పుడు దాని మీద మా అమ్మ పేరుంది.